బోడియమ్ కోటకు ఈసీ తీస్తే

నరసరావుపేటలో సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా కూర్చుని ముప్పై రెండేళ్లు దస్తావేజులు రాశాను. ఆ వృత్తి మానేసినా దాని జబ్బు మాత్రం నన్ను వదల్లేదు. గుడి చూసినా, మేడ చూసినా ముందు మనసులోకి వచ్చే ప్రశ్న ఒకటే. ఇది ఎవరి పేరు మీద ఉంది, వాళ్లకు ఎలా సంక్రమించింది? ఆస్తి ఎవరి నుంచి ఎవరికి మారిందో చెప్పే ఆ చిట్టానే మేం ఈసీ అంటాం. ఇంగ్లండులో టన్‌బ్రిడ్జ్ అనే ఊళ్లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు నాలుగు రోజులు తిరిగాం. ఆ తిరుగుడంతా చివరికి బోడియమ్ అనే ఒక కోట చుట్టూనే తిరిగింది.

మొదటి రోజు: బాటిల్

ఊరి పేరే యుద్ధం. 1066 అక్టోబరు 14న ఇంగ్లండు రాజు హెరాల్డ్‌ను నార్మండీ నుంచి వచ్చిన విలియం ఓడించి చంపింది ఇక్కడే. పుస్తకాల్లో మాత్రం దాన్ని హేస్టింగ్స్ యుద్ధం అంటారు. హేస్టింగ్స్ ఇక్కడికి పది కిలోమీటర్ల దూరం. టన్‌బ్రిడ్జ్ నుంచి హేస్టింగ్స్ వెళ్లే లైన్లో రైలెక్కి నేనూ మా ఆవిడా దిగాం. దిగేసరికి వాన. మనవైపు తుఫాను వానలా ఉండదు, జల్లెడలోంచి పోసినట్టు సన్నగా, విసుగు లేకుండా పడుతూనే ఉంటుంది.

గెలిచాక విలియం ఇక్కడ ఒక మఠం కట్టించాడు. హెరాల్డ్ పడిపోయిన చోటే చర్చి ప్రధాన వేదిక ఉండాలన్నాడట. ఇప్పుడు ఆ చర్చీ లేదు, వేదికా లేదు. గడ్డిలో ఒక రాతి పలక ఉంది. ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ రద్దు చేసినప్పుడు, 1538లో, ఇది ఆయన కొలువులో ఉన్న ఆంటొనీ బ్రౌన్‌కు దక్కింది. ఆయన చర్చిని పడగొట్టించి, మఠాధిపతి నివాసాన్ని తన ఇల్లు చేసుకున్నాడు. 1721లో వెబ్‌స్టర్లు కొన్నారు. 1857లో అమ్మేశారు, 1901లో మళ్లీ వాళ్లే కొన్నారు. 1976లో ప్రభుత్వపరమైంది. ఇంటి భాగంలో ఇప్పుడు స్కూలు నడుస్తోంది.

అమ్మిన ఆస్తిని నలభై నాలుగేళ్ల తర్వాత మళ్లీ అదే కుటుంబం కొనుక్కోవడం నా అనుభవంలో రెండే రెండుసార్లు చూశాను. రెండుసార్లూ అది లెక్క కాదు, పౌరుషం. అదే మాట అక్కడ కుర్చీలో కూర్చున్న ఒక పెద్దావిడతో వచ్చీరాని ఇంగ్లీషులో అన్నాను. ఆవిడ నవ్వి, "వెబ్‌స్టర్లు ఇది కొన్న మరుసటి ఏడే బోడియమ్ కూడా కొన్నారు, చూశారా?" అని అడిగింది. చూడలేదన్నాను. "అయితే మీరింకా ఏమీ చూడలేదు" అంది.

పులిహోర డబ్బా విప్పి గేటు కింద నిలబడి తిన్నాం. మా ఆవిడ గొడుగు పట్టుకుంది, నేను డబ్బా పట్టుకున్నాను. అంతకంటే ఆ రోజు చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు.

రెండో రోజు: బోడియమ్

అల్లుడు కారు తీశాడు. దార్లో రెండువైపులా కొప్పు పొడుగ్గా ఉన్న గుండ్రటి ఇటుక ఇళ్లు కనిపించాయి. బీరులో చేదు కోసం వేసే హాప్స్ పువ్వుల్ని ఆరబెట్టడానికి కట్టినవట. ఇప్పుడు వాటిలో చాలావరకు మనుషులు కాపురాలుంటున్నారు.

టికెట్లు తీసుకుని ఒక మలుపు తిరిగామో లేదో కోట కనిపించింది. నేను ఆగిపోయాను. చిన్నపిల్లల్ని కోట బొమ్మ వెయ్యమంటే ఏది వేస్తారో అచ్చం అదే. చతురస్రంగా గోడలు, నాలుగు మూలలా నాలుగు గుండ్రటి బురుజులు, మధ్యమధ్యలో చదరపు బురుజులు. చుట్టూ నిండుగా నీళ్లు. ఆ నీళ్లలో తలకిందులుగా ఇంకో కోట. గాలి లేనప్పుడు ఏది పైది, ఏది కిందిది అని ఒక్క క్షణం తడబడతాం.

సరే, కాగితాల్లోకి వద్దాం.

ఈ కోట కట్టినవాడు సర్ ఎడ్వర్డ్ డాలింగ్రిగ్. పెద్ద ఆస్తి ఉన్న పెద్ద కొడుకు కాదు, చిన్న కొడుకు. ఫ్రాన్సులో నూరేళ్ల యుద్ధం జరుగుతున్న రోజులు. రాబర్ట్ నోల్స్ అనే దండనాయకుడి కింద చేరి, అక్కడి ఊళ్లు దోచి డబ్బు సంపాదించాడు. భూమి మాత్రం భార్య వైపు నుంచి వచ్చింది. బోడియమ్ జమీను ఎలిజబెత్ వార్డ్యూ పుట్టింటిది. అంటే మూల దస్తావేజు ఆవిడ పేరు మీద ఉందన్నమాట. ఈ ముక్క చెప్పగానే మా అల్లుడు, "చూశారా మామయ్యగారూ, అల్లుళ్లు కూడా కోటలు కడతారు" అన్నాడు. అత్తింటి భూమిలో అని నేను గుర్తు చేశాను.

మనిషి మెత్తనివాడేమీ కాదు. ఆ ప్రాంతంలో రాజు తర్వాత రాజంతటివాడైన లంకాస్టర్ డ్యూక్ జాన్ ఆఫ్ గాంట్‌తో పేచీ పెట్టుకుని జైలుకు కూడా వెళ్లాడు. ఆ వెంటనే, 1385 అక్టోబరులో, రెండో రిచర్డ్ రాజు దగ్గర కోట కట్టుకోవడానికి అనుమతి సంపాదించాడు. ఆ రోజుల్లో గోడ పైన యుద్ధానికి పనికొచ్చేలా పళ్లు పళ్లుగా కట్టుకోవాలంటే రాజు పర్మిషన్ కావాలి. మన మున్సిపాలిటీ ప్లాను అప్రూవల్ లాంటిదే అనుకోండి. అనుమతిలో రాసిన కారణం దేశరక్షణ. ఫ్రెంచివాళ్లు 1377లో దగ్గర్లోనే ఉన్న రై రేవును తగలబెట్టారు, 1380లో వించెల్సీ మీద పడ్డారు. కాబట్టి కారణం నమ్మదగ్గదే. అనుమతి ఇచ్చింది అప్పటికే ఉన్న ఇంటిని బలపరచుకోవడానికి. ఈయన ఆ ఇంటిని పక్కన పెట్టి, కొత్త చోట మొదటి నుంచీ కట్టాడు. ప్లాను ఒకటి, కట్టడం ఇంకొకటి. ఈ మాట చదివాక నాకు ఇంగ్లండు మొదటిసారి సొంత ఊరిలా అనిపించింది.

ఇది నిజంగా యుద్ధం కోసం కట్టిందా, దర్పం కోసం కట్టిందా అని పండితులు చాలాకాలంగా కొట్టుకుంటున్నారు. ముఖద్వారం దగ్గర ఫిరంగి గొట్టాలు పెట్టుకునే రంధ్రాలున్నాయి. ద్వారం కప్పులో, కింద నిలబడ్డవాళ్ల నెత్తిన ఏదైనా పడెయ్యడానికి బొక్కలున్నాయి. ఇనుప తాపడం వేసిన ఓకు చెక్క జాలీ ఒకటి పైన వేలాడుతోంది. పైనుంచి దించే తలుపది, అప్పటిదే అంటారు. ఇవన్నీ యుద్ధం వైపు సాక్ష్యం. కానీ గోడలు మరీ అంత మందం కావు. కందకం సగటు లోతు ఐదడుగులే. గట్టు తెగ్గొడితే నీళ్లు పోతాయి. లోపల చూస్తే ముప్పైకి పైగా పొయ్యిగూళ్లు, 28 మరుగుదొడ్లు. ఇది సుఖంగా బతకాలనుకున్నవాడి ఇల్లని నా అభిప్రాయం. మీసం కూడా పెంచాడు, అంతే.

ఆ 28 మరుగుదొడ్లూ నేరుగా కందకంలోకే అని బోర్డు చదివి మా ఆవిడ, అప్పటిదాకా నీళ్ల అంచున కూర్చుని చేపల్ని చూస్తున్నది, లేచి చీర కుచ్చిళ్లు దులుపుకుంది. ఆరొందల ఏళ్లయిందే అన్నాను. "అయితే మాత్రం" అంది.

ముఖద్వారం పైన మూడు రాతి ముద్రలున్నాయి. ఒకటి ఆయన వంశానిది, ఒకటి భార్య వంశానిది, మూడోది బంధువులైన రాడిండెన్‌లది. వెనక ద్వారం మీద మాత్రం నోల్స్ ముద్ర. తనకు డబ్బు సంపాదించే దారి చూపించిన దొరను వెనక గుమ్మం మీద పెట్టుకున్నాడు. అది కృతజ్ఞతో, లెక్కో తేల్చుకోలేక అక్కడ కాసేపు నిలబడ్డాను.

ఆయన 1393 ప్రాంతంలో పోయాడు. ఇక్కణ్ణుంచి ఈసీ గబగబా నడుస్తుంది. కొడుకు జాన్ 1408లో సంతానం లేకుండా పోయాడు. దాయాదుల చేతిలోకి వెళ్లింది. 1470 ప్రాంతంలో ఆ దాయాది కూడా వారసులు లేకుండా పోతే, ఆడపడుచు వైపున లూక్నర్లకు వచ్చింది. ఇంగ్లండు సింహాసనం కోసం లంకాస్టర్, యార్క్ వంశాలు కొట్టుకున్న గులాబీల యుద్ధాల్లో లూక్నర్లు లంకాస్టర్ పక్షం. 1483లో మూడో రిచర్డ్, సర్ థామస్ లూక్నర్ మీద రాజద్రోహం మోపి, కోటను ముట్టడించమని ఉత్తర్వులిచ్చాడు. పెద్ద యుద్ధమైతే జరగలేదంటారు. గోడల మీద అలాంటి గాయాలు నాకూ కనిపించలేదు. రెండేళ్లకే రిచర్డ్ చచ్చి ఏడో హెన్రీ వచ్చాడు, కోట తిరిగొచ్చింది. ఆ తర్వాతి శతాబ్దంలో ఆస్తి వారసుల మధ్య ముక్కలైంది. వాటాలు పడ్డ కోటను ఎవరు బాగుచేయిస్తారు? మా వీధిలో అన్నదమ్ముల మధ్య ఉండిపోయిన పెంకుటింటికి పట్టిన గతే దానికీ పట్టి ఉంటుంది.

1623 నాటికి సర్ నికొలస్ టఫ్టన్ చేతికొచ్చింది. ఆయన కొడుకు జాన్ టఫ్టన్ రాజుకూ పార్లమెంటుకూ మధ్య అంతర్యుద్ధంలో రాజు పక్షం చేరాడు, ఓడాడు. పార్లమెంటు భూములు కొన్ని జప్తు చేసి, 9,000 పౌండ్ల జరిమానా వేసింది. జరిమానా కట్టడానికి 1644 మార్చిలో కోటను 6,000 పౌండ్లకు అమ్మాడు. కొన్నవాడు నథానియల్ పావెల్, పార్లమెంటు పక్షం మనిషి. అవసరంలో ఉన్నవాడి ఆస్తి, ఆ అవసరం తెచ్చిపెట్టిన పక్షంవాడే కొన్నాడు. స్టాంపు పేపరు మీద ఇలాంటివి నేను చాలా రాశాను. అమ్మేవాడి చెయ్యి సంతకం దగ్గర వణుకుతుంది. ఇంకెక్కడా వణకదు.

ఆ తర్వాతే లోపలంతా విప్పేశారు. వంతెనల మధ్య ఉన్న బురుజు, కప్పులు, అంతస్తులు, అన్నీ పోయాయి. బయట నుంచి చూస్తే నిండు కోట. గేటు దాటి లోపలికెళ్తే ఆకాశం. పచ్చగడ్డి, మోకాలెత్తు గోడలు, పైన గాలిలో వేలాడుతున్న పొయ్యిగూళ్లు. రెండో అంతస్తు పొయ్యి ఉంది, రెండో అంతస్తు లేదు.

ఒక బురుజు మెట్లెక్కాను. మెలికలు తిరిగిన ఇరుకు రాతి మెట్లు, పట్టుకోవడానికి ఒక తాడు. మోకాళ్లు నాతో మాట్లాడటం మానేశాయి. పైనుంచి రాదర్ నది లోయ కనిపించింది. ఒకప్పుడు అందులో పడవలు ఇక్కడిదాకా వచ్చేవట. ఇప్పుడు మన పంటకాలువంత ఉంది.

మూడో రోజు: బ్రైట్లింగ్

నిజానికి మూడో రోజు టెంటర్డెన్ నుంచి ఆవిరి రైల్లో మళ్లీ బోడియమ్ వెళ్లాలి. మనవడికి మాటిచ్చాను. ఆ రైలు రోజూ నడవదనీ, నేను చూసింది వేరే నెల టైంటేబులనీ పొద్దున్నే అమ్మాయి కనిపెట్టింది. వాడి ఏడుపు ఆపడానికి, "పోనీ పిరమిడ్ చూద్దామా?" అన్నాడు అల్లుడు. ససెక్స్ పల్లెలో పిరమిడ్ ఏమిటనుకున్నాను. నిజంగానే ఉంది.

బ్రైట్లింగ్ చర్చి స్మశానంలో, సాదా సమాధిరాళ్ల మధ్య, పాతికడుగుల ఎత్తున ఒక రాతి పిరమిడ్. అది జాన్ ఫుల్లర్ సమాధి. బతికుండగానే, చావడానికి ఇరవై ఏళ్ల ముందే కట్టించుకున్నాడు. ఊళ్లో అందరూ ఆయన్ను పిచ్చి జాక్ అనేవారు. లోపల టేబులు ముందు, టోపీ పెట్టుకుని, ఎదురుగా కోడివేపుడు, ద్రాక్షసారా సీసాతో కూర్చున్న భంగిమలో పూడ్చారని, దెయ్యం వస్తే కాలు తెగాలని నేల మీద గాజుపెంకులు పోశారని కథ. 1982లో తెరిచి చూస్తే అదేమీ లేదు, అందరిలాగే నేల కిందే ఉన్నాడు. మా మనవడికి ఈ రెండో భాగం చెప్పలేదు.

బోడియమ్ కథలో ఈయన్ను దాటి వెళ్లడానికి వీల్లేదు. పావెల్ కుటుంబం నుంచి 1722లో వెబ్‌స్టర్లు కొన్నారని చెప్పాను కదా. వందేళ్లు వాళ్ల చేతిలో ఉండి ఐవీ తీగలు కమ్మేశాయి. చిత్రకారులు వచ్చి బొమ్మలు గీసుకునేవారు. అదొక అందం. కానీ 1815 తర్వాత సర్ గాడ్‌ఫ్రీ వెబ్‌స్టర్ అమ్మకానికి పెట్టాడు. రాళ్ల కోసం కొని పడగొట్టేవాళ్లు కాచుకుని ఉన్నారని ఇక్కడివాళ్లంటారు. 1829లో ఫుల్లర్ కోటనూ, చుట్టూ 24 ఎకరాలనూ సుమారు 3,000 పౌండ్లకు కొన్నాడు. అంటే 1644 ధరలో సగం. కొని ఒక బురుజు బాగుచేయించి, గేట్లు పెట్టించాడు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి, పెళ్లి లేదు, పిల్లల్లేరు.

ఆ డబ్బు ఎక్కడిది? తాతలు ఇనుము కరిగించి ఫిరంగులు పోసి అమ్మారు. దాంతోపాటు జమైకాలో చెరకు తోటలు. తోటల్లో బానిసలు. ఫుల్లర్ పార్లమెంటు సభ్యుడిగా ఉన్నప్పుడు బానిసత్వాన్ని గట్టిగా సమర్థించాడు. 1810లో సభలో తాగి స్పీకర్ని తిట్టి, బయటికి ఈడ్పించుకున్నాడు. ఇదే మనిషి లండన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌కు డబ్బిచ్చి ఆచార్య పదవులు పెట్టించాడు. రసాయన శాస్త్రానికి ఆ పదవిలో మొట్టమొదట కూర్చున్నది మైకేల్ ఫారడే. మన ఇళ్లలో ఫ్యాను తిరగడం వెనకున్న ఫారడేనే. ఆ జీతం చెరకు గానుగల్లోంచి వచ్చింది.

పడగొట్టేవాళ్ల నుంచి కోటను కాపాడాడని ఆయన్ను మెచ్చుకోవాలా? పిరమిడ్ చుట్టూ రెండుసార్లు తిరిగాను, తేలలేదు. వాన మొదలైంది. తిరిగి వస్తూ డాలింగ్టన్ దగ్గర పొలంలో కోన్ ఆకారంలో ఒక కట్టడం చూశాం. తన ఇంటి నుంచి డాలింగ్టన్ చర్చి శిఖరం కనిపిస్తుందని పందెం కాసి, కనిపించదని తెలిశాక, అలాంటి శిఖరమే మధ్యలో కట్టించేశాడట. సరిహద్దు రాయి జరిపే రైతులు నాకు తెలుసు కానీ, గోపురం కట్టేసినవాణ్ణి వినలేదు.

నాలుగో రోజు: మళ్లీ బోడియమ్

ఈసారి రైలు నడిచే రోజే. టెంటర్డెన్‌లో ఎక్కాం. పదిన్నర మైళ్ల దారి. 1900లో వేసిన ఈ లైను 1954లో ప్రయాణికులకు మూతపడింది. రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లు స్వచ్ఛందంగా పనిచేసి కొద్దికొద్దిగా తిరిగి తెరుస్తూ, 2000లో బోడియమ్ దాకా తెచ్చారు. పెట్టెలో బొగ్గు వాసన. చిన్నప్పటి గుంటూరు స్టేషను ముక్కులోకి వచ్చింది. కంట్లో నలుసు కూడా పడింది, అదీ చిన్నప్పటిలాగే. బోడియమ్‌లో దిగి వంతెన దాటి పది నిమిషాలు నడిస్తే కోట.

ఫుల్లర్ తర్వాత ఆయన వారసుల నుంచి జార్జ్ క్యూబిట్ కొన్నాడు. లండన్‌లో బెల్‌గ్రేవియా వీధులు కట్టిన మేస్త్రీల కుటుంబం. తర్వాత లార్డ్ ఆష్‌కోంబ్ అయ్యాడు. ఇప్పటి రాణి కమిల్లా తల్లి ఈ వంశంలో పిల్లే. ఆయన కోటకు మరమ్మతులు చేయించాడు. కొంటానని ఒక పెద్దమనిషి అడిగితే అమ్మనన్నాడు. ఆయన పోయాక కొడుకు అమ్మాడు. మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తోంది. కొన్న పెద్దమనిషి పేరు జార్జ్ నథానియల్ కర్జన్.

ఆ పేరు బోర్డు మీద చూడగానే, "ఈయనా?" అని పైకే అనేశాను.

మనకు కర్జన్ అంటే బెంగాల్ విభజన. 1905లో వైస్రాయిగా ఆయన బెంగాల్‌ను రెండు ముక్కలు చేస్తే పుట్టిన వందేమాతరం ఉద్యమం రాజమండ్రి దాకా వచ్చి, 1907లో ట్రైనింగ్ కాలేజీ నుంచి గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని బయటికి గెంటించింది. అంతకుముందు, 1902లో, నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర బేరార్‌ను శాశ్వత కౌలుకు రాయించుకున్నదీ ఈయనే. ఏడాదికి 25 లక్షల రూపాయలు. నా లెక్కలో శాశ్వత కౌలు అనే దస్తావేజుకు అర్థం ఒకటే: అమ్మావని నువ్వు ఒప్పుకోనక్కర్లేదు, నాది అని నేను చెప్పనక్కర్లేదు.

కానీ కాగితాల్లో ఇంకో పేజీ కూడా ఉంది. 1904లో ప్రాచీన కట్టడాల రక్షణ చట్టం తెచ్చింది కర్జనే. పురావస్తు శాఖకు ప్రాణం పోసి జాన్ మార్షల్‌ను దాని నెత్తిన కూర్చోబెట్టిందీ ఆయనే. ఉండవల్లి గుహల ముందు మనం చూసే నీలం బోర్డుకు తాత ఆ చట్టం. ఇంగ్లండు తిరిగొచ్చాక 1911లో లింకన్‌షైర్‌లోని టాటర్షాల్ కోటను కొన్నాడు. దాని పొయ్యిగూళ్లను అప్పటికే ఊడబీకి అమెరికాకు అమ్మబోతుంటే, వెంటపడి వెనక్కి తెప్పించి, ఊరేగింపుగా మళ్లీ కోటలోకి చేర్చాడు. 1913లో ఇంగ్లండులో కట్టడాల రక్షణ చట్టం గట్టిపడటానికి ఆ గొడవే కారణం. అంటే పాత రాళ్లను కాపాడే అలవాటు ఆయనకు ఇండియాలో ముదిరి, సొంత దేశానికి ఆలస్యంగా వచ్చింది. పరాయి దేశాన్ని పట్టుకుని ఉన్నవాడు దాని గోడలను ఎందుకంత ప్రేమించాడో నాకు అర్థం కాలేదు. తనదే అనుకున్నాడు కాబట్టి ప్రేమించాడేమో. అదే అసలు చిక్కు.

బోడియమ్‌లో 1919 నుంచి విలియం వేర్ అనే ఆర్కిటెక్టుతో పని చేయించాడు. కందకం నీళ్లన్నీ తోడించి మూడడుగుల బురద ఎత్తించాడు. అప్పుడే పాత వంతెనల పునాదులు బయటపడ్డాయి. మొదట్లో దారి ఎదురుగా కాక పక్కనుంచి వచ్చి మలుపు తిరిగేదని తేలింది. నైరుతి బురుజు అడుగున కోట బావి దొరికింది. వాస్తు తెలిసిన మా ఆవిడ "నైరుతిలో బావా?" అని నుదురు కొట్టుకుని, "అందుకే ఇన్ని చేతులు మారింది" అని తీర్పు చెప్పేసింది. నా నాలుగు రోజుల పరిశోధన కంటే అదే బాగుందని అల్లుడి అభిప్రాయం.

1925లో కర్జన్ చనిపోతూ బోడియమ్‌నూ టాటర్షాల్‌నూ పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థకు రాసిచ్చేశాడు. ఇక అప్పట్నుంచి పేరు మారలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో మాత్రం కోట పక్కనే సిమెంటుతో ఒక తుపాకుల గది కట్టారు. అది ఇప్పటికీ ఉంది. ఫ్రెంచివాళ్ల కోసం కట్టిన కోట పక్కన జర్మన్ల కోసం కట్టిన గది. రెండు చోట్లా ఎవరూ రాలేదు. మనవడికి కోట కంటే అదే నచ్చింది.

మరో సంగతి అల్లుడు ఫోనులో చూసి చెప్పాడు. 1907లో వచ్చిన చట్టం ప్రకారం ఈ ట్రస్టు తన ఆస్తిని అన్యాక్రాంతం చేయరానిదిగా ప్రకటించుకోవచ్చట. అలా ప్రకటించాక అమ్మడానికి లేదు, తాకట్టు పెట్టడానికి లేదు. ట్రస్టు తనంతట తాను కూడా మనసు మార్చుకోలేదు.

గట్టు మీద బెంచీలో కూర్చుని ఇదంతా మా ఆవిడకు వివరించాను. వార్డ్యూ వారి అమ్మాయి పుట్టింటి ఆస్తి దగ్గర మొదలుపెట్టి వీలునామా దాకా, ఒక్క లింకు కూడా వదలకుండా. ఓపిగ్గా విని, ఫ్లాస్కులో మిగిలిన కాఫీ కప్పులో వంచింది.

"అంటే దీనికి ఇక దస్తావేజులు రాసే పనుండదన్నమాట."

"ఉండదు."

"మరి లేవండి, రైలు టైమవుతోంది."